డాక్టరమ్మ కారులో కమురు వాసన

మోటారు వర్క్‌షాపులో కొన్నేళ్ళు పనిచేశానని చెబితే ఈ కాలపు పిల్లలు ముందుగా నా చేతుల వంక చూస్తారు. ఆ చేతులతో నేను ఒక్క నట్టయినా తిప్పింది లేదు. అవి తిప్పింది టైపుమిషను రోలరునూ, డ్రాయరులో దాచుకుని చదివిన నవలల పేజీలనూ. కానీ ఒక రోజు ఆ వర్క్‌షాపులో నా ముక్కుకు పని పడింది. ఉద్యోగంలో కొత్తగా చేరి, నలుగురిలో నోరు తెరవాలంటే గొంతు తడారిపోయే పిల్లలు మీలో ఉంటారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ధైర్యం నేర్పడానికి కాదు. ధైర్యం నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ అంతంత మాత్రమే. భయపడుతూ కూడా మనిషి ఒక పని ఎలా చేసేస్తాడో చెబుదామని.

రాష్ట్రం ఏర్పడ్డాక ఆఫీసులతో పాటు బెజవాడ వైపు నుంచి తరలివచ్చిన కుటుంబాల్లో మాదొకటి. హిమాయత్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్నగారికి జబ్బు చేసి ఉద్యోగం మానుకోవలసి వచ్చినప్పుడు, టైపు పరీక్ష పాసై ఇంట్లో కూర్చున్న నేను పని వెతుక్కున్నాను. దొరికింది ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను వైపు వెళ్ళే రోడ్డు పక్క సందులో, ఒక కార్ల వర్క్‌షాపులో. ముందు అద్దాల కిటికీ ఉన్న గది, వెనక పెద్ద రేకుల షెడ్డు. ముందు గది నాది. షెడ్డు మగవాళ్ళది. మధ్యలో ఒక గడప ఉండేది. ఆ గడప దాటొద్దని నాకెవరూ చెప్పలేదు. దాటవలసిన పని రాకూడదని మాత్రం నేను రోజూ కోరుకునేదాన్ని.

యజమాని పాత హైదరాబాదు వ్యాపార కుటుంబీకుడు. అందరూ సేఠ్ గారు అనేవారు. కార్లు నడిపించుకుంటూ, నడుపుకుంటూ వచ్చే ఆడవాళ్ళు గ్రీజు చేతుల మగవాళ్ళ మధ్యకు పోయి నిలబడకూడదని ఆయన పట్టుదల. అందుకే నన్ను పెట్టుకున్నాడు. వాళ్ళు నా ఎదుట కుర్చీలో కూర్చుని కారు బాధ చెప్పుకుంటారు. నేను చీటీ మీద రాస్తాను. చీటీ షెడ్డులోకి, ఉస్తాద్ చేతికి పోతుంది. డాక్టరు దగ్గర రోగం ఒకరు చెప్పుకోవడం, నాడి ఇంకొకరు చూడటం లాంటి పద్ధతి అది. అయినా నడిచిపోయేది.

ఉస్తాద్ అంటే మా పెద్ద మెకానిక్కు. నడివయసు దాటిన మనిషి. బుగ్గన ఎప్పుడూ జర్దా పాన్. చెవిని ఇంజిన్ మీదకు వంచి వింటే అందులో ఏ ముక్క ఏడుస్తోందో చెప్పేస్తాడని పేరు. షెడ్డులో ఆయనకున్న మర్యాద గుడిలో పూజారికి కూడా ఉండదు. ఆ మర్యాదలో భాగంగా అక్కడొక ఆచారం ఉండేది. ఏ కారు లోపలికి వచ్చినా, ఉస్తాద్ చెయ్యి పడకముందే దాని ఇంజిన్‌కు స్నానం చేయించాలి. కిరసనాయిలు, కుంచె, పాత గుడ్డలు పట్టుకుని ఒక మనిషి ఆ పని మీదే ఉండేవాడు. ఇంజిన్ అంతా తోమి, తుడిచి, కొత్త పెళ్ళికూతురిలా మెరిసేటట్టు చేశాక అప్పుడు ఉస్తాద్ వచ్చి బానెట్‌లోకి తొంగి చూసేవాడు. మురికి ఇంజిన్ ఆయన ముందు పెట్టడమంటే ఎంగిలి కంచంలో అన్నం వడ్డించడమే. సేఠ్ గారికి కూడా ఈ స్నానమంటే గర్వం. అంత శుభ్రంగా బండి తిరిగి ఇచ్చే షాపు నాంపల్లిలో ఇంకోటి లేదనేవాడు. నిజమే, లేదు.

డాక్టరమ్మ మా ఖాతాదారు. మా బెజవాడ వైపు ఆవిడే. సుల్తాన్ బజారులో కాన్పుల క్లినిక్కు, బషీర్‌బాగ్ దాటాక గుట్ట మీదకు ఎక్కే రోడ్డులో ఇల్లు. పెళ్ళి చేసుకోలేదు. గట్టిగా, త్వరగా మాట్లాడేది. పాత నల్ల కారు ఒకటి ఇక్కడి ఒక జమీందారీ కుటుంబం అమ్మేస్తుంటే కొన్నది. ఆ కారుతో పాటే దాని డ్రైవరూ వచ్చాడు. ఆయన ఆ కారును కొత్తగా ఉన్నప్పటి నుంచీ నడుపుతున్నవాడు. తెల్ల మీసాలు, ఖాకీ కోటు, చలికాలం ఎండాకాలం అనకుండా మెడ చుట్టూ ఒక మఫ్లరు. కారు మా షెడ్డులో ఉన్నంతసేపూ ఆయన నా కిటికీ పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. మాటలు తక్కువ. ఇద్దరం మాట్లాడుకోకుండా ఎంతసేపైనా హాయిగా కూర్చోగలిగేవాళ్ళం. అందుకే ఆయనంటే నాకు ఇష్టం.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో డాక్టరమ్మ వచ్చి, కారులో ఏదో మాడుతున్న వాసన వస్తోందని చెప్పింది. రాసి పంపాను. స్నానం అయింది. ఉస్తాద్ చూశాడు. ఎక్కడా తడి లేదు, చుక్క లేదు. ఆబిడ్స్ దాకా ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. వాసన లేదు. తన అలవాటు కొద్దీ పైన, కింద అన్ని నట్లూ ఇంకో చుట్టు బిగించి పంపించాడు. నాలుగు రోజులు బాగానే ఉంది. తర్వాత వాసన మళ్ళీ మొదలైంది. మళ్ళీ కారు వచ్చింది, మళ్ళీ స్నానం, మళ్ళీ ఏమీ లేదు. ఈసారి ఆయిల్ మార్చారు. మళ్ళీ నాలుగు రోజులు బాగుంది.

షెడ్డులో ఇది ఒక నవ్వులాట అయింది. కాన్పులు చేసి చేసి డాక్టరమ్మకు కారు కూడా వేవిళ్ళు పెట్టుకున్నట్టు కనిపిస్తోందని ఎవరో అన్నారు. గడప ఇవతల కూర్చున్న నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆవిడ చెప్పిన ఇంకో సంగతి చీటీలో రాసేది కాదు, నాకు మాత్రమే తెలుసు. ఆవిడ తమ్ముడు కొత్తగా సెక్రటేరియట్‌లో ఉద్యోగానికి వచ్చి ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాడు. కార్ల గురించి తెలిసినవాడు. ఇది ఇంజిన్ తప్పు కాదు, డ్రైవరు తప్పు అంటున్నాడట. ముసలాయన కాలు క్లచ్ మీద నుంచి తీయకుండా నడుపుతున్నాడు, ఆ క్లచ్ మాడి వాసన వస్తోంది, వర్క్‌షాపులో నుంచి రాగానే భయంతో నాలుగు రోజులు జాగ్రత్తగా నడుపుతాడు, తర్వాత మామూలే అని. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. నాలుగు రోజులు బాగుండటానికి మా దగ్గర వేరే కారణం లేదు.

ఒక సాయంత్రం ఆవిడ వచ్చిన సమయానికి జోరున వాన. హిమాయత్‌నగర్ దారేగా, ఎక్కు, మా ఇంటి మీదుగా నిన్ను దింపిస్తానంది. వద్దనడానికి కూడా నోరు రాక ఎక్కాను. గుట్ట రోడ్డు మీద ఆవిడ గేటు ముందు కారు ముక్కు పైకెత్తి ఆగింది. నాన్నగారి కోసం మందు ఇచ్చి పంపుతానని ఆవిడ లోపలికి వెళ్ళింది. చాలాసేపు కూర్చున్నాం. మందు వచ్చాక డ్రైవరు కారు స్టార్టు చేసి తిప్పాడు. గుట్ట కాస్త దిగామో లేదో వాసన వచ్చింది.

నాకు వెంటనే ఇల్లు గుర్తుకొచ్చింది. అమ్మ గారెలు వేస్తుంటే మూకుడు పొంగి నూనె బొగ్గుల మీద పడితే వచ్చే కమురు వాసన అది. కళ్ళు మండించే వాసన. క్లచ్ మాడితే అలా ఉండదు. అలా మాడిన కార్లు మా షెడ్డుకు నెట్టుకుంటూ వచ్చేవి. పాత గోనెగుడ్డ కాలినట్టు ఉండే ఆ మాడు వాసన ముందు గదిలో మధ్యాహ్నం దాకా పోయేది కాదు. రెండింటికీ పోలికే లేదు. నేను చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం డ్రైవరు అద్దంలో చూసినట్టున్నాడు.

"ఏమన్న వస్తున్నదా బిడ్డా?" అని అడిగాడు.

వస్తోందన్నాను. ఇంటి దాకా ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ నడిపాడు.

మర్నాడు ఉస్తాద్‌కు ఒక చీటీ రాసి పంపాను. గుడ్డ మాడిన వాసన కాదు, నూనె నిప్పు మీద పడ్డ కమురు అని. షెడ్డులో ఎవరో దాన్ని పైకి చదివారు. వంటింటి రిపోర్టు వచ్చింది, ఇవాళ కూరేంటో కూడా రాయమనండని మాటలు వినిపించాయి. చెవులు కాలిపోయాయి. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. గడప దగ్గరకు వచ్చి నిలబడి, తన ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు.

"గిది ఎప్పుడో రిటైర్ అయింది బిడ్డా. పొద్దుగాల్నించి కిరసనాయిలు, ఆయిలు, పైన జర్దా. కండ్లకు కనవడితే చేస్త. కనవడ్తలేదు, ఏం జెయ్యాలె?"

ఆయన చెప్పింది నిజమే. ఆ షెడ్డులో ఎవరికీ వాసన తెలియదు. చేపల బజారులో ఉండేవాళ్ళకు చేపల వాసన తెలియనట్టే. ఆ రోజు నా డైరీలో, ముక్కులు లేని ఊరిలో నేనొక్కదాన్నే ముక్కుతో ఉన్నాను అని ఏదో కవిత్వం రాసుకున్నాను. సిగ్గుపడి కొట్టేశాను కూడా.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున్నే డాక్టరమ్మ, తమ్ముడు కలిసి వచ్చారు. కారు మూడోసారి. డ్రైవరు కిటికీ బయట అద్దం తుడుస్తున్నాడు. అద్దం శుభ్రంగానే ఉంది. ఆవిడ కూర్చోలేదు.

"చూడమ్మా, నాకు రాత్రిళ్ళు కాన్పులకు పోవాలి. ఏ క్షణంలో కారు అంటుకుంటుందోనని గుండె చేత్తో పట్టుకుని కూర్చోలేను. ఈసారి కూడా మీవాళ్ళు ఏమీ లేదంటే కారులో ఏమీ లేదనే లెక్క. అప్పుడు మా తమ్ముడి మాటే వింటాను. సాయంత్రం క్లినిక్కు నుంచి ఇటే వస్తాం."

తమ్ముడు ఆ మాటకు కొనసాగింపుగా, మంచివాడే పాపం, వయసైపోయింది, ఎవరైనా ఎన్నాళ్ళని నడుపుతారు, అని మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కిటికీ అవతల గుడ్డ ఆగిపోయింది. తర్వాత మళ్ళీ కదిలింది.

వాళ్ళు రిక్షాలో వెళ్ళిపోయారు. కారు షెడ్డులోకి వెళ్ళింది. నేను చీటీ రాయడం మొదలుపెట్టాను. మూడోసారి కూడా అవే మాటలు. తలెత్తి చూస్తే స్నానం చేయించే మనిషి కిరసనాయిలు డబ్బా, కుంచె పట్టుకుని ఆ కారు వైపు నడుస్తున్నాడు.

అప్పుడు తట్టింది. మెరుపులా కాదు, మెల్లగా. ఉస్తాద్ కంటికి కనబడితే చేస్తానన్నాడు. కంటికి కనబడవలసింది ఆయన రాకముందే ఈ మనిషి కడిగేస్తున్నాడు. ప్రతిసారీ. ఎక్కడో నుంచి ఊటలాగా కారుతున్న ఆయిల్ పేరుకోవడానికి నాలుగు రోజులు పడుతోంది. డ్రైవరు భయంతో జాగ్రత్తపడిన నాలుగు రోజులు కావవి. మేం తోమి పంపినందువల్ల వచ్చిన నాలుగు రోజులు.

నేను లేచి గడప దాటాను. ఎలా దాటానో ఇప్పటికీ తెలియదు. చెప్పుల కింద నేల జారుతోందని మాత్రం గుర్తుంది. డబ్బా ఎత్తిన మనిషి నన్ను చూసి ఆగిపోయాడు. షెడ్డంతా ఆగిపోయింది.

"దానికి స్నానం వద్దు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను.

ఉస్తాద్ తిరిగాడు. ఆయన ముఖంలో మొదట కనిపించింది కోపం కాదు, అవమానం. మురికి ఇంజిన్ ముందుకు రమ్మని ఒక టైపు పిల్ల చెప్పడం అందరూ విన్నారు. నేను తడబడుతూ చెప్పుకుంటూ పోయాను. చెప్పింది సగం నాకే అర్థం కాలేదు. కడిగేస్తే తోవ పోతుంది, తోవ పోతే కారేది ఎక్కడి నుంచో ఎట్లా తెలుస్తుంది, అన్నట్టు గుర్తు. ఆయన బయటికి పోయి పాన్ ఉమ్మివచ్చాడు. తర్వాత ఆ మనిషి చేతిలో డబ్బా తీసుకుని కింద పెట్టి, బానెట్ ఎత్తాడు.

నేను అన్నది సగమే నిజమని తేలింది. ఇంజిన్ వెనక భాగమంతా దుమ్ము, నూనె కలిసి నల్లటి ముద్దగా ఉంది. కారుతోందన్నది ఖాయం. ఎక్కడి నుంచన్నది ఆ ముద్దలో తెలియదు. కడిగితే తోవ పోతుంది, కడగకపోతే తోవ కనబడదు. ఉస్తాద్ బానెట్ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి నా వైపు చూశాడు. ఆయన సిగ్గుపడటం అప్పుడే మొదటిసారి, చివరిసారి చూశాను.

"బిడ్డా, నీ తాన ముఖానికి రాసుకునే పౌడర్ ఉన్నదా?"

ఉంది. సుల్తాన్ బజారులో కొన్న చిన్న డబ్బా, హాండ్‌బాగులో, పుస్తకం కింద. ఆ సంగతి అమ్మకు కూడా తెలియదు. ఇప్పుడు షెడ్డు మొత్తానికి తెలిసింది. ఉస్తాద్ అనుమతితో కారుకు స్నానం జరిగింది. ఆరాక ఆయన నా పౌడరును ఇంజిన్ వెనక భాగమంతా దగ్గరుండి చల్లాడు. ఎప్పుడూ నల్లగా ఉండే ఆ ఇనుము పెళ్ళివారింటి పిల్లలా తెల్లగా తయారైంది. ఎవరో నవ్వబోయి ఉస్తాద్ ముఖం చూసి మానుకున్నారు.

"ఇగ నడవాలె. నీ ముక్కు కూడ రావాలె" అన్నాడు.

సేఠ్ గారిని అడిగితే, ఆయన గడియారం చూసి, త్వరగా రమ్మన్నాడు. డ్రైవరు నడుపుతుంటే ఉస్తాద్ పక్కన, నేను వెనక. ఆబిడ్స్ దాటాం, బషీర్‌బాగ్ దాటాం. గుట్ట రోడ్డు ఎక్కాం. వాసన లేదు. దిగాం. లేదు. మళ్ళీ ఎక్కాం. నేను ముక్కుతో గట్టిగా పీలుస్తున్నాను. పౌడరు వాసన, సీటు తోలు వాసన, నా చెమట వాసన. ఎక్కిన ప్రతిసారీ డ్రైవరు అద్దంలో నన్ను చూసి, వచ్చిందా బిడ్డా, అని అడుగుతున్నాడు. లేదు అని చెప్పడం నాకు రానురాను కష్టమైపోయింది. ఆ వాన సాయంత్రం నేను ఊహించుకున్నానేమో. నవలలు చదివే పిల్లకు లేని వాసనలు రావడం ఎంతసేపు. నా ఊహను నమ్మి ఉస్తాద్ తన పరువు పణంగా పెట్టి పౌడరు చల్లాడు.

ఉస్తాద్‌కు ఓపిక తగ్గుతోంది. "రోజు గిట్లనే నడుపుతవా?" అని డ్రైవరును అడిగాడు.

"నడుపుడు ఏడ ఉంటది? అమ్మ లోపల ఉంటది, బండి గేటు ముందట ఉంటది. నడిపేది తక్కువ, ఆపేదే ఎక్కువ."

"ఏ దిక్కు ముఖం పెట్టి ఆపుతవు?"

"పైకి. మర్రేసి, కిందికి ముఖం పెట్టి ఆపుడు అమ్మకు నచ్చదు."

ఉస్తాద్ నుదురు కొట్టుకున్నాడు. ఆ వాన సాయంత్రం మేం చాలాసేపు కూర్చున్నది కూడా అలాగే, ముక్కు పైకెత్తిన కారులోనే. అది నాకు ముందే తట్టాల్సింది. తట్టలేదు. డాక్టరమ్మ గేటు ముందే కారును ముఖం పైకి పెట్టి ఆపించాడు ఉస్తాద్. ఇంజిన్ బంద్ చేయించాడు. ఆయిలంతా వెనక్కి చేరేదాకా కూర్చోవాలన్నాడు.

కూర్చున్నాం. ఎండ పక్కకు జరిగింది. సాయంత్రం దగ్గరపడుతోంది. మగవాళ్ళిద్దరూ మొదట కారు గురించి, తర్వాత పాత యజమానుల గురించి, తర్వాత ఏ గల్లీలో పాన్ మంచిదన్న దాని గురించి మాట్లాడుకున్నారు. ఉస్తాద్ పాన్ పొట్లం చాపితే డ్రైవరు వద్దన్నాడు. ఏం తిన్నా మన్ను తిన్నట్టే ఉంటది, రుచి పోయి ఏండ్లైందన్నాడు. ముసలోడివైనవ్ అని ఉస్తాద్ నవ్వాడు. డ్రైవరు కూడా నవ్వాడు గానీ, ఆ మాట కొంచెం తొందరగా మార్చేశాడు. నేను అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు.

"నౌకరి పోతె ఏం జేస్తవ్?" అని ఉస్తాద్ మెల్లగా అడిగాడు.

"ఏం జేస్త. గీ బండి తప్ప నాకు ఇంకోటి నడుపరాదు. ఎవడిస్తడు గీ వయసుల?" డ్రైవరు స్టీరింగును అరచేత్తో తుడిచాడు. "అమ్మ మంచిదే. ఆమె తప్పు గాదు."

చివరికి ఉస్తాద్ తల ఊపాడు. కారు స్టార్టయింది. తిరిగింది. దిగువకు కొంచెం దూరం పోయాం. నేను ఊపిరి బిగపట్టి ఉన్నానని అప్పుడు గమనించి వదిలాను. మళ్ళీ పీల్చాను.

గారెలు. బొగ్గులు. పొంగిన నూనె.

"వచ్చింది" అన్నాను.

ఉస్తాద్ బండి ఆగకముందే దిగాడు. బానెట్ ఎత్తాడు. నేను కూడా దిగి తొంగి చూశాను. తెల్లటి పౌడరు మీద, ఇంజిన్ నెత్తిన ఉండే మూత వెనక మూల నుంచి సన్నటి నల్ల గీత ఒకటి కిందికి దిగి, వేడి పొగగొట్టం మీద ఆగింది. అక్కడి నుంచి నీలంగా చిన్న పొగ లేస్తోంది. ముగ్గేసిన వాకిట్లో ఎవరో కాటుక వేలితో గీసినట్టుంది. అంత అందమైన దోషాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

షెడ్డుకు వచ్చాక ఆ మూత విప్పారు. దాని కింద ఆయిల్ కారకుండా వేసే బెండు పాకింగు ఆ మూల నలిగి, చిట్లి ఉంది. ఉస్తాద్ దాన్ని వేలితో తడిమి చూశాడు. నలిగింది పాతబడి కాదు. వద్దన్నంత బిగిస్తే నలుగుతుంది. చిన్న ఊటగా మొదలైనదాన్ని, వచ్చిన ప్రతిసారీ ఇంకో చుట్టు బిగించి ఆయనే పెద్దది చేశాడు. సేఠ్ గారు సంగతి విని, పాకింగు పాతబడ్డదని టైపు చేయమన్నాడు నాతో. అందులో తప్పేమీ కనబడలేదు ఆయనకు. కారు పాతదే కదా.

"పాతవడలే సేఠ్" అన్నాడు ఉస్తాద్. "నేనే ఎక్కువ బిగిచ్చిన. గట్లనే రాయి బిడ్డా." కొంచెం ఆగి, నవ్వాడు. "ఎవలన్న అడిగితె, చెయ్యి ఇంక రిటైర్ కాలేదు, జర బలం ఎక్కువున్నదని చెప్పు."

సాయంత్రం డాక్టరమ్మ, తమ్ముడు వచ్చారు. సేఠ్ గారు స్వయంగా పాకింగు చూపించి విషయం చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ బెండు ముక్కను ఎక్స్‌రే చూసినట్టు వెలుగుకు పెట్టి చూసింది. తమ్ముడికి ఇంకా అనుమానం తీరలేదు. అతను చెడ్డవాడని కాదు. ఒకసారి చెప్పిన మాట మీద నిలబడటం అతనికి అలవాటు. ఆయిల్ కారుతుందేమో, ఒప్పుకుంటాను, కానీ క్లచ్ వాసన కూడా ఉందేమో, రెండూ ఉండొచ్చుగా, అన్నాడు. వాసన మీరు చూశారా అని ఉస్తాద్‌ను అడిగాడు.

ఉస్తాద్ ఆడ ఖాతాదారుల ముందు మాట్లాడే మనిషి కాదు. తల వంచుకునే చెప్పాడు. "నాకు ముక్కు లేదు సార్. గా బిడ్డకున్నది."

అందరూ నా వైపు తిరిగారు. డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మఫ్లరు చివర రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. నాకు ఆ క్షణం డ్రాయరులోకి దూరిపోవాలనిపించింది. తర్వాత మాట్లాడాను. టైపుమిషను వైపు చూస్తూ మాట్లాడాను. క్లచ్ మాడితే గోనెగుడ్డ కాలినట్టుంటుందండీ, ఈ గదిలోకి చాలాసార్లు వచ్చింది, నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. ఇది గారెల మూకుడు పొంగి బొగ్గుల మీద పడ్డ వాసన. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ మీ గేటు ముందు కారు ఆపి ఉంచాకే వచ్చింది. ఆయన కాలు క్లచ్ మీద లేదు. అసలు ఆ నూనె చేరినంతసేపూ బండి నడవడం లేదు. కూర్చుని ఉన్నాం.

అంత పెద్ద ప్రసంగం అంతకు ముందు నేను చేసింది లేదు. తర్వాత డాక్టరమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"గారెలేరా" అంది. "నాకూ అదే వాసన అనిపించింది, పేరు తెలియలేదు. మన ఇంట్లో గారెలు వేసి ఎన్నేళ్ళైంది." తమ్ముడు కొంచెం నవ్వాడు. ఆవిడ బల్ల మీద తాళం చెవి తీసుకుని నేరుగా డ్రైవరు చేతిలో పెట్టింది. "పద, ఇవాళ ఇంకో ఇద్దరు నొప్పులు పడుతున్నారు."

ఆ తర్వాత మా షెడ్డులో స్నానం మానలేదు. ఆచారాలు అంత తొందరగా పోవు. అయితే ఉస్తాద్ మురికిగా ఉండగా ఒకసారి చూశాకే కుంచె లేచేది. పౌడరు డబ్బా ఆయన పనిముట్ల పెట్టెలోనే ఉండిపోయింది. నేను అడగలేదు. మళ్ళీ కొనుక్కున్నాను.

ఒక సంగతి మిగిలింది. కొన్నాళ్ళకు కారు మామూలు సర్వీసుకు వచ్చింది. డ్రైవరు నా కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, చాలాసేపటి తర్వాత, బండిలో జర వాసన చూసి పెడతవా బిడ్డా, అన్నాడు. వెళ్ళి చూశాను. ఏమీ లేదన్నాను. ఆయన అటూ ఇటూ చూశాడు.

"నాకు ఎన్నడు రాలే" అన్నాడు.

అర్థం కాలేదు నాకు. ఆయన ముక్కు చూపించాడు. "జ్వరం వచ్చి పోయింది. ఏండ్లైంది. గా వాసన ఉన్నదో లేదో నాకు తెల్వదు. తమ్ముడు సారు అంటుంటే, ఉందేమో, నా తప్పేనేమో అనుకున్న. వాసన తెల్వని డ్రైవర్‌ను ఎవలన్న పెట్టుకుంటరా బిడ్డా?"

రుచి పోయిందన్న మాట, గుట్ట ఎక్కిన ప్రతిసారీ వచ్చిందా వచ్చిందా అని అద్దంలో అడగడం, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఆ రోజంతా ఆయన తన ఉద్యోగం నా ముక్కు మీద పెట్టుకుని నడిపాడు. తనకు తెలియనిదాన్ని నేను తెలుసునంటే నమ్మాడు. ఆ మాట ఆయన బతికున్నంత కాలం నేను ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

ఆ తర్వాత దాదాపు ప్రతి పొద్దూ, క్లినిక్కుకు పోతూ ఆయన మా సందు మొదట్లో కారు ఆపేవాడు. సుల్తాన్ బజారుకు మా సందు దారే కాదు. టైం ఎంతైంది బిడ్డా, అని అడిగేవాడు. నేను బస్సు దిగి వస్తూ కారు కిటికీ దగ్గరకు వంగి, ఒకసారి ఊపిరి పీల్చి, వాచీ చూసి టైం చెప్పేదాన్ని. వెనక సీట్లో డాక్టరమ్మ ఏవో కాగితాలు చూసుకుంటూ ఉండేది. ఒకరోజు తలెత్తకుండానే, ఇతనికి ఒక వాచీ కొనిపెట్టాలి, అంది. నిజంగానే కొనిపెట్టింది.

మర్నాడు కారు మామూలుగానే మా సందు మొదట్లో ఆగింది. ఆయన ఖాకీ కోటు చెయ్యిని మణికట్టు కిందకు లాక్కుని, టైం ఎంతైంది బిడ్డా, అని అడిగాడు. డాక్టరమ్మ ఆ కొత్త వాచీ సంగతి ఎత్తలేదు. తన వైపు కిటికీ అద్దం కూడా దించింది, నాకు బాగా అందేటట్టు. నేను వంగి, ఊపిరి పీల్చి, టైం చెప్పాను.